ఆగి ఆగి నమస్తే

మర మనిషి చెయ్యి లేపలేదు.

"నమస్తే," అన్నాడు రాజశేఖర్ పదకొండోసారి.

లేపలేదు.

శంషాబాద్‌లో, విమానాశ్రయం రోడ్డు పక్కన కొత్తగా కట్టిన సైన్సు మ్యూజియం అది. సాయంత్రం నాలుగింటికి ప్రారంభం. హాలు నడుమ గద్దె మీద నలభై ఏళ్ళ కిందటి ఇనుప మనిషి. రేకు ఛాతీ, బల్బుల కళ్ళు, భుజాల దగ్గర వెల్డింగ్ మచ్చలు.

కింద బోర్డు: "మన తొలి మర మనుషుల్లో ఒకటి. నమస్తే అంటే తిరిగి నమస్కరిస్తుంది."

దాని కింద ఒక ప్రొఫెసర్ గారి పేరు, ఫోటో.

"వైర్లన్నీ మార్చిన సార్," అన్నాడు మెకానిక్కు శ్రావణ్‌కుమార్. "మైకు మార్చిన. మోటరు మంచిగనే తిరుగుతుంది. ఇగ దీనికే ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోతే లారీ ఎక్కుతుంది," అన్నాడు మేనేజరు రాజశేఖర్. "ఛైర్మన్ గారు ఒకటే మాట చెప్పారు. నాలుగింటికి చెయ్యి లేపితే ఇక్కడ ఉంటుంది. లేకపోతే పాత ఇనుము కింద పోతుంది."

లారీ వెనక గేటు దగ్గర ఆగే ఉంది.

ఆ మాటకు ఎవరో చిన్నగా దగ్గారు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఒక ముసలాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడి కాలిన నల్ల చుక్కలు.

"ఎవరు బాపు నువ్వు? ఇంక తెరవలే," అన్నాడు శ్రావణ్.

"జ... జర... నే... నేను..."

"ఆఁ, నువ్వు?"

"పి... పి..."

"పిల్లల్ని తీసుకొస్తారా? రేపు తీసుకురండి. రేపు టికెట్ కూడా లేదు," అన్నాడు రాజశేఖర్.

నత్తి ఉన్నవాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. మిగతా సగం వాళ్ళే నింపేసుకుంటారు. దానికి జవాబూ వాళ్ళే చెప్పేస్తారు. చదువుకున్నవాళ్ళయితే ఇంకొంచెం తొందరగా చెబుతారు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. మెల్లగా వెళ్ళి మర మనిషి ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"న... న..."

"నమస్తే, నమస్తే." రాజశేఖర్ కూడా చేతులు జోడించి నడుమకు వచ్చేశాడు. "మాకు చాలా పనుంది పెద్దాయనా. శ్రావణ్, ఈయన్ని గేటు దాకా పంపు."

మర మనిషి భుజంలో ఏదో కిర్రుమంది. పైన విమానం దిగుతోంది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

ముసలాయన నోరు ఇంకా తెరిచే ఉంది. కాసేపటికి మూసుకున్నాడు. మర మనిషి మోకాలు ఒకసారి తట్టి గేటు వైపు నడిచాడు.

మూడున్నరకు చాయ్ వచ్చింది.

గద్దె చుట్టూ బంతిపూల దండలు కడుతున్న కవిత అడిగింది. "ఎవరు సార్ గాయన? ఏం గావాల్నంట?"

రాజశేఖర్‌కు పొద్దుటి నుంచి గుండె దడగా ఉంది. దడ తగ్గాలంటే ఎవరినైనా వెక్కిరించాలి. లోకంలో అంతకంటే చవకైన మందు లేదు.

"ఏం కావాలో చెబితే కదా," అంటూ గ్లాసు పక్కన పెట్టాడు. మెడ ముందుకు చాపి చేతులు జోడించాడు. "న... న... న... మస్తే."

కవిత నవ్వింది. శ్రావణ్ కూడా నవ్వాడు.

కిర్రుమని చప్పుడైంది.

మర మనిషి చేతులు రెండూ మెల్లగా లేచాయి. ఛాతీ ముందు ఒకదానికొకటి ఆనుకున్నాయి. తల కొద్దిగా వంగింది.

శ్రావణ్ గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

చేతులు కాసేపు అట్లాగే ఉండి కిందికి దిగాయి.

"నమస్తే," అన్నాడు రాజశేఖర్ మామూలుగా.

కదల్లేదు.

"గట్ల కాదు సార్. ఇందాకటి లెక్క అనుండ్రి," అన్నాడు శ్రావణ్.

"న... న... న... మస్తే."

చేతులు మళ్ళీ లేచాయి.

శ్రావణ్ మర మనిషి ఛాతీ రేకు తెరిచి లోపలికి చూశాడు.

"ఇది మాట వినది సార్. అప్పటి మిషన్‌కు మాట ఏం సమజైతది? నడుమ నడుమ ఆగుడు లెక్కవెడ్తది. మూడుసార్లు ఆగితే చేతులు లేపుతది. చేసినోడు తన నోటికి సరిపోయేటట్టు చేసుకున్నడు."

రాజశేఖర్ బోర్డు మీది ఫోటో వైపు చూశాడు.

"ఈ ప్రొఫెసర్ సారుకు నత్తి ఉండెనా?" అని అడిగాడు శ్రావణ్.

"లేదు. ఆయన ఉపన్యాసాలు నేను విన్నాను. గంటసేపు మాట్లాడినా ఎక్కడా ఆగేవారు కాదు."

ఇద్దరూ గేటుకు పరుగెత్తి, ముసలాయన ఎటు పోయాడని అడిగారు.

కాపలా ఉన్న రషీద్ కుర్చీలోంచి లేచాడు.

"గా ముసలాయననా? పాల్మాకుల ఊరికి పోయే ఆటో ఎక్కి అరగంటాయె సార్."

"పేరు రాసుకున్నావా?"

"రాసుకున్న. శంకరయ్య. వెల్డింగ్ పని చేస్తుండెనంట."

"ఎందుకొచ్చాడో చెప్పాడా?"

"చెప్పిండు సార్. జర టైం పట్టింది గాని, నాకేం తొందర? మొత్తం విన్న. కొడుకు కోసం వచ్చిండంట. మన దగ్గర ఊడ్చే పోరగాళ్ళల్ల ఎవలో అనుకున్న."

"ఇంకేమన్నాడు?"

రషీద్ టోపీ సర్దుకున్నాడు.

"పోతపోత ఒక్క మాట అన్నడు సార్. కొడుకు మీకు పనికి రాకుంటే లారీ ఎక్కియ్యకుండ్రి, నేనే వచ్చి ఇంటికి తోల్కపోత అన్నడు."