రేగొండ పోస్టింగు

సామాన్లు సర్దే ప్యాకర్లు మధ్యాహ్నం వస్తామన్నారు. బీరువా ఖాళీ చేస్తున్న సోమేశ్వర్‌కి అడుగు అరలోని పాత కాగితాలు కనపడలేదు. వంటింట్లో భార్య సువర్ణ వాటితోనే గాజు గ్లాసులు చుడుతోంది.

వాటిలో ఆమెను రేగొండ బడిలో టీచరుగా చేరమన్న ఉత్తరం ఉండాలి. పెళ్లయిన ఏడాది వచ్చింది. ఆమెను పంపడం ఇష్టంలేక దాచేశాడు. ఆమె పక్కింటి పిల్లలకు లెక్కలు చెబుతుంటే ఇరవై రెండేళ్లుగా అతను అక్కడ కూర్చోలేకపోయాడు.

"జర ఆగు, నేను చుడత," అన్నాడు.

"ఆ ఉత్తరం కోసమా? అది నా సంచిలున్నది."

"ఎప్పుడు చూసినవ్?"

"నువ్వు దాచిన వారానికే. చేరెటందుకు ఇంకా పది రోజులుండె. నువ్వే ఇస్తవని చూసిన."