కుర్చీ అడుగు తోమిన జోషిత

ఆ రోజు జోషిత ఇంట్లో తెల్లవారినప్పటి నుంచీ హడావిడే. తన గృహప్రవేశానికి చెల్లెలు రాలేదని అలిగి, ఏళ్ల తరబడి మాట మానేసిన అన్న హర్షవర్ధన్ కాకినాడ నుంచి భోజనానికి వస్తానని కబురు పెట్టాడు.

ఊళ్లో అందరిళ్లలో లాగే వాళ్లింట్లోనూ కుర్చీలకు, టేబుల్‌కు కాళ్లు లేవు. అడుగున నల్లటి పలక, దానికి ఉల్లిపొర కన్నా పల్చటి లోహపు పూత. ఆ పూత వల్లే కుర్చీ గచ్చులోని అయస్కాంతాల మీద మోకాలెత్తున తేలుతుంది. అన్న కూర్చునే కుర్చీ అడుగు మసకబారిందని జోషిత చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది.

హర్షవర్ధన్ వచ్చి దర్జాగా కూర్చున్నాడు.

"నువ్వు చేసింది చిన్న తప్పు కాదమ్మాయ్," అని మొదలుపెట్టాడు. కుర్చీ జానెడు దిగింది.

"అమ్మ పోయాక నాకున్నది నువ్వొక్కదానివే గదా!" ఇంకో జానెడు దిగింది.

గొంతు తగ్గించకుండా, తల పైకెత్తుకుంటూ ఆయన కోప్పడుతూనే ఉన్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాక మాత్రం ఆగాడు.

"ఏంటే ఇది?"

"చింతపండుతో తోమాను అన్నయ్యా. పూత ఊడిపోయినట్టుంది."

హర్షవర్ధన్ మూతి బిగించాడు గానీ నవ్వు ఆగలేదు. లేపుదామని చేయందించిన జోషిత కూడా తూలి పక్కనే కూలబడింది. ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

జోషిత భర్త కౌశిక్ వంటింట్లోంచి కంచాలతో వచ్చి, "టేబుల్ మీద పెట్టనా?" అన్నాడు.

"వద్దు బావగారూ, ఇక్కడే వడ్డించండి. మా చెల్లి దాని అడుగు కూడా తోమే ఉంటుంది!" అన్నాడు హర్షవర్ధన్.