అందరి గైడు

మిణుగురు లోపలి ఫ్యాను ఆగిపోయింది.

మెకానిక్ చెవులు రిక్కించాడు. బీరువా అంత ఎత్తున్న ఆ రోబో పిల్లల మధ్య నిలబడి ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఛాతీ మీది దీపం మిణుకుమిణుకుమంటోంది. వీపు వెనక ఎప్పుడూ వినిపించే రొద మాత్రం లేదు.

సైన్సు మ్యూజియానికి ఆ రోజు పరీక్షే. ఆడా మగా తేడా లేకుండా ఎవరొచ్చినా 'ఇది నా చోటు' అనుకునేలా ఉందా లేదా చూడటానికి కమిటీ వచ్చింది. అబ్బాయిలకు రాకెట్లు, అమ్మాయిలకు వంటింటి రసాయనాలు అంటూ నడిచిన రెండు క్యూలనీ హడావుడిగా ఎత్తేశారు. గోడల మీద గడ్డాల శాస్త్రవేత్తల మధ్య ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల పటాలు ఇరికించారు. అన్నిటికంటే ముందు మిణుగురును నిలబెట్టారు.

మెకానిక్ సూపరింటెండెంటును స్తంభం చాటుకి లాక్కెళ్లినంత పని చేశాడు.

"ఫ్యాను పోయింది సార్. లోపల కొలిమిలా ఉంటుంది. కాసేపు ఆపుదాం, దండం పెడతాను."

"కమిటీ ముందా? నీకేమైనా మతిపోయిందా?"

"ఏమైనా అయితే..."

"ఇప్పుడు ఆపావంటే రేపటినుంచి నీకూ దానికీ ఇక్కడ చోటుండదు. కాళ్లావేళ్లా పడి తెచ్చిపెట్టింది నువ్వే కదయ్యా!"

నిజమే. మిణుగురును ఇక్కడ నిలబెట్టడానికి అతను పడని పాట్లు లేవు. రేకులు తనే వంచాడు, తీగలు తనే కలిపాడు. ఆ డబ్బా మీదున్న ప్రేమ పెళ్లాం మీద ఉంటే బాగుండునని తోటివాళ్లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడెవరైనా ఆ మాటంటే కొట్టేలా ఉన్నాడు.

పొట్టి జుట్టు పిల్ల ఒకతె రోబో వేలు పట్టుకుంది. "నువ్వు అబ్బాయివా, అమ్మాయివా?"

మిణుగురు ఒక పక్కకి ఒరిగింది. మెకానిక్ పరుగున వెళ్లి భుజం ఆనించాడు.

"మిణుగురు అని పిలువమ్మా," అంది గరగరలాడే గొంతు. "అది చాలు."

"అయితే మిణుగురూ, చందమామ మన మీద ఎందుకు పడిపోడు?"

"పడుతూనే ఉన్నాడు. పక్కకి పరిగెత్తుతూ పడుతున్నాడు, అందుకే మనకి తగలడం లేదు."

పిల్లలంతా ఒక్కసారిగా కిటికీలోంచి పైకి చూశారు. కమిటీ పెద్దావిడ మురిసిపోయింది. "భలే చెప్పిందే! గైడ్లుగా మనుషులెవరూ దొరకలేదా?"

సూపరింటెండెంటు గొంతు తగ్గించాడు. "ఇంటర్వ్యూకి ఒకరొచ్చారండీ. ఫిజిక్సులో దిట్ట, నోరు తెరిస్తే వినాలనిపిస్తుంది. కానీ ఆ మనిషిని చూశాక పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా? పంపించేశాను. దీంతో అయితే ఆడా మగా గోలే లేదు."

"బాగా ఆలోచించారు," అందావిడ.

మెకానిక్ పళ్లు బిగబట్టాడు. రోబో మోకాళ్ల దగ్గర రేకులు టకటక కొట్టుకుంటున్నాయి. "ఇంకొంచెం... ఇంకొక్క కొంచెం," అని దాని వీపుకి నోరు ఆనించి గొణిగాడు. చప్పట్లు. ఫొటోలు. ఎవరో కళ్లు మూశారని మళ్లీ ఫొటోలు.

కమిటీ మెట్లు దిగేసరికి అతను స్క్రూడ్రైవరు తీసి పట్టుకున్నాడు. మిణుగురును స్టోరు గదిలోకి దాదాపు ఈడ్చుకెళ్లి, గడియ పెట్టి, గోడకి ఆనించి కూర్చోబెట్టాడు.

ఆఖరి మర విప్పి, రేకు తల ఎత్తి పక్కన పడేసి, చిన్నప్పుడు తాను అన్నయ్యా అని పిలిచిన మనిషి ఎండిన పెదాలకి నీళ్ల సీసా ఆనించి, "మెల్లిగా తాగక్కా," అన్నాడు.