ఆరని చెక్క

“వడ్ల లింగమూర్తి పడవ బాగుజేస్తలేడు, కూటికోసం పనిని సాగదీస్తుండు” అని కొండవ్వ బోరింగు కాడ నలుగురిలో అన్నదట. ఆ మాటను చాయ్ హోటల్ దత్తాత్రి పొద్దున్నే, చాయ్ కంటే వేడిగా, లింగమూర్తి చెవిలో పోశాడు.

“నేనన్లేదే లింగన్నా, ఆమె అన్నది. నెలన్నర సంది రెండు పూటలా బాలనర్సయ్య ఇంట్లనే బువ్వట. ఒక్క చెక్క మార్చనీకె గిన్ని దినాలా అంటుంది.”

పని ఒడిసేదాకా పనివాడికి కూడు పెట్టడం ఇంటివాడి బాధ్యత. అది ఎప్పటినుంచో ఉన్న రివాజే. కానీ ఆ కూటికోసం పనిని ఈడుస్తున్నాడన్న మాట, బండ్లు, నాగళ్లు, మగ్గాలు చేసి తల నెరిసిన లింగమూర్తి మీద ఇంతకుముందెన్నడూ పడలేదు. సగం చాయ్ బల్ల మీదే వదిలేసి, భార్య సుమిత్ర ఒకప్పుడు కుట్టిచ్చిన పనిముట్ల సంచి భుజానేసుకుని కోమటిచెరువు దిక్కు నడిచాడు. ఈ రోజు ఆ చెక్క కూర్చోకపోతే ఇక ఉలి పట్టేది లేదనుకున్నాడు.

చెరువు కట్ట కింద బాలనర్సయ్య ఇల్లు. ఇంటి పక్కన రేకుల కొట్టంలో పడవ. హైదరాబాదు వేలంపాటలో కొన్న పాత ఫైబర్ పడవ అది. పైకి పింగాణీ గిన్నెలా నిగనిగలాడుతుంది గాని, లోపల మోటారు బరువు మోసే వెనక చెక్క నానబెట్టిన రొట్టెలా పుచ్చిపోయింది. లింగమూర్తి ఫైబర్ పొరను కోసి, పుచ్చంతా గీకి, టేకు చెక్క కొత్తది కోసి పెట్టాడు. దాని మీద గాజునూలు బట్ట పరిచి రెసిన్ మందు పూస్తే పని అయిపోయినట్టే. “చెక్క ఎండు కొబ్బరి లెక్క ఉండాలె. లోపట తడి ఉంటే మందు పట్టది” అని ఆ మందు అమ్మిన షావుకారు ముందే చెప్పాడు. మూడుసార్లు పూశాడు. మూడుసార్లూ పుండు మీద పక్కులా ఊడొచ్చింది.

“రా అన్నా, కాళ్లు కడుక్కో. గటక చల్లారుతుంది” అంది బాలనర్సయ్య భార్య పోశమ్మ.

“ఇయ్యాల ముద్ద ముట్ట చెల్లె. పని ఒడిసినంకనే.”

వల అల్లుతున్న బాలనర్సయ్య తలెత్తాడు. “ఏంది బావా, గంత పౌరుషమొచ్చింది? ఎవలేమన్నరో చెప్పు, వలేసి పట్టుకొస్త.”

“చెరువుల చారెడు నీళ్లు లేవు. ఇగ నీ వలల కొండవ్వ నోరే పడాలె.”

“ఆమె నోటికి నా వల ఆగది. చినుగుతది.”

లింగమూర్తి నవ్వలేదు. ఎండలో నిలబెట్టి ఉన్న చెక్క మీద చెయ్యి పెట్టాడు. కాలిన పెంకులా వేడిగా ఉంది. అయినా అనుమానం తీరక, దాన్ని ఒళ్లో పెట్టుకుని బర్మాతో ఓ మూల తొలిచాడు. పిండిలా రాలాల్సిన పొట్టు ముద్దగా వచ్చి వేళ్లకు అంటుకుంది.

అతను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె. పదిహేను రోజులు ఎండబెట్టిన టేకు. ఇంకా పచ్చి ఎట్లా ఉంటుంది? కట్టెను వేలితో కొట్టి దాని వయసు చెప్పేవాడు ఒకప్పుడు. ఇప్పుడు చేతిలో ఉన్న చెక్క ఎండిందో లేదో కూడా తెలియడం లేదు.

బర్మా, ఉలి, బాడిస ఒక్కొక్కటే సంచిలో వేశాడు.

“నాకు కట్టె తెలుస్తలేదు బావా. నా చెయ్యి పోయింది. హుస్నాబాద్ నుంచి ఎవలన్న వయసోన్ని తెచ్చుకో.”

“కూసో బావా. చెరువు నిండేది శ్రావణానికి. గిప్పుడే తొందరేమొచ్చింది?”

“కొండవ్వ అన్నదాంట్ల తప్పులేదు. నెలన్నర నీ కూడు తిన్న. పని ముంగటవడలే.” సంచి మూతి కట్టబోతే తాడు ముడి పడలేదు. “ఇగ జన్మల ఉలి పట్ట.”

పోశమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉంది. మొగుడి వైపు తిరిగింది. “ఇగనన్న చెప్తవా, లేకుంటె నన్ను చెప్పుమంటవా? ఆ మనిషి ఎట్లైతుండో చూడరాదు.”

బాలనర్సయ్య వల పక్కన పెట్టాడు.

“నీ చేతుల తప్పు లేదు బావా. కట్టెల లేదు. దినాం పొద్దుగూకి నువ్వు పోంగనే చెక్కకు తడి గోనెసంచి చుట్టిన. నువ్వొచ్చేటాల్లకు ఇప్పి ఎండల వెట్టిన.”

లింగమూర్తికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు.

“పడవ నీది. నష్టం నీది. ఊర్ల నా ఇజ్జత్ తీసి నీకేమొచ్చిందిరా?”

“పని లేని ఇంట్ల మెతుకు ముట్టవు. మా సుమిత్రక్క సచ్చిపోయిన కాడికెల్లి నీ పొయ్యిల పిల్లి లేస్తలేదు. పడవ ఒడిస్తె రేపు ఎవలింట్ల తింటవో చెప్పు, ఇప్పుడే ఒడగొట్టుకుందాం.”