ఉప్పు ఎక్కువైన పప్పు

ఆ రోజు పొద్దున్నే తిరువూరు మీద మబ్బు కమ్మింది గానీ, చినుకు రాల్చే ఉద్దేశం దానికున్నట్టు లేదు.

ఆసుపత్రి వెనకున్న నర్సింగ్ కాలేజీ మెట్లెక్కుతున్న శ్రీవల్లి మొహమూ అలాగే ఉంది. శనివారంలోగా కేస్ స్టడీ రాసివ్వకపోతే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు. వార్డుకు వెళ్లాల్సిన గంటను ఎనిమిది రోజులుగా హన్నమ్మ క్లాసు మింగేస్తోంది.

హన్నమ్మను పట్టుకొచ్చింది ట్యూటర్ ప్రేమకుమారి మేడమ్. హన్నమ్మ అరవై దాటిన మనిషి. చదువు లేదు. టైమ్‌టేబుల్లో కొత్తగా చేరిన ‘సమగ్ర వైద్యం’ పాఠానికి పది రోజుల టీచరు.

“రోగి దగ్గర ఎలా కూర్చోవాలో ఈవిడ చెబుతారు” అని మేడమ్ పక్కకు తప్పుకున్నారు.

హన్నమ్మ పాఠమంతా ఒక్కటే. ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని, మూత సొట్టపోయిన స్టీలు క్యారేజీని కుడి చేత్తో విప్పేది. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి ముద్దలు పెట్టేది.

“ఒంటరిగా తినేవోళ్లకి ముద్ద దిగదు. పక్కన కూకుని మీరూ తినండి. మాట్టాడమాకండి. చూడండి.”

తిన్నాక రోజూ ఒకే ప్రశ్న.

“ఇయ్యాల నాలో ఏం చూశారు?”

“పాత చీర” అన్నాడు నవదీప్.

క్లాసు నవ్వింది.

“మళ్లీ పప్పేనా అమ్మమ్మా? ఆ ఉప్పేదో చూసి వెయ్యి. నర్సులకే బీపీ వచ్చుద్ది.”

“వండినోళ్లకి చెబుతాలే.”

శ్రీవల్లి మాత్రం ఒక్క రోజూ చెయ్యి చాపలేదు. సొంతూరు నెమలిలో వాళ్ల నాయనమ్మ పొలం పనికొచ్చేవాళ్లకు గ్లాసు వేరే పెట్టేది. ఆ మాట శ్రీవల్లి పైకి అనదు. ఆకలి లేదంటుంది.

ఆ రోజు ముద్ద నేరుగా ఆమె ముందుకే వచ్చింది.

“అందరికీ పెడతావు, నువ్వు తినవేంటి? ముందు నువ్వు తిను, చూస్తా.”

హన్నమ్మ ముద్దకేసి చూసింది. తినలేదు. గుక్కెడు నీళ్లు తాగింది.

“చూశారా? తాను ముట్టంది మనకు పెడుతోంది” అంది శ్రీవల్లి.

“రేపటికి పదో రోజు. రేపు చెబుతానమ్మా.”

“రేపు నువ్వుంటే గదా.”

మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ గిరిబాబు గారి బల్ల మీద అర్జీ ఉంది. చదువు లేని మనిషి. శుభ్రం లేని తిండి. ఒక చెయ్యి ఎప్పుడూ కొంగులోనే, చర్మవ్యాధేమో. కింద ముప్ఫై సంతకాలు. మొదటిది శ్రీవల్లిది.

క్లాసు రద్దయింది. గుమ్మం దగ్గరే ఆ మాట విన్న హన్నమ్మ, ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వెళ్లిపోయింది. మెట్ల దగ్గర ఒకసారి గోడ పట్టుకుని ఆగింది. అది శ్రీవల్లి చూసింది. నాటకం అనుకుంది.

మర్నాడు ప్రేమకుమారి మేడమ్ ఒక ఫైలు తెచ్చి, శ్రీవల్లి మొహం చూడకుండా చేతిలో పెట్టారు.

“ఆరో నంబరు బెడ్డు. నీక్కావలసింది కేసేగా. వెళ్లి రాసుకో.”

ఆరో నంబరు బెడ్డు ఖాళీగా ఉంది. పక్కన స్టూలు మీద ఒక ముసలాయన. ఒళ్లో క్యారేజీ.

మూత సొట్టపోయింది.

శ్రీవల్లి ఆ మూతకేసి చూస్తూనే అడిగింది. “పేషెంటేరండి?”

“తెల్లారుజామున బెజవాడ పంపించారంటమ్మా. మా చిన్నమ్మాయి ఎంట ఎల్లింది. నేను వినగడప నించి తొలి బస్సుకొచ్చేసరికే లేదు. అల్లుడు బండి తెస్తానన్నాడు, కూకున్నా.”

“మీరేమవుతారు?”

“నా పేరు జోజప్ప. మా ఆడమనిషే.” ఆయన క్యారేజీని సవరించుకున్నాడు. “ఎందుకు పంపించారో అర్థం కావట్లా. బాగానే తింటందమ్మా. తొమ్మిది రోజుల్నుంచీ గిన్నెలు కడిగినట్టు ఖాళీ. నాకొచ్చింది పప్పొక్కటే. ఉప్పు ఎక్కువైతందని తనే చెప్పింది గూడా. తినే మనిషికి ఏవవుద్ది?”

శ్రీవల్లి చేతిలోని ఫైలు మీదికి చూపు దించింది.

“ఇయ్యాల ఉప్పు తగ్గించా” అన్నాడు జోజప్ప. “నిండు గిన్నె ఇంటికి మోసుకెళ్లాలంటే చేతులాడట్లేదమ్మా.”

శ్రీవల్లి ఫైలు తెరిచింది. కాసేపు ఒకే కాగితం చూసింది. దాన్ని అలాగే మంచం మీద వదిలి, వెళ్లి చేతులు కడుక్కొచ్చింది.

కింద కూర్చుని క్యారేజీ విప్పింది. సొట్ట మూతలో ఆయనకు పెట్టింది. గిన్నెలో తను కలుపుకుంది. మొదటి ముద్ద తనే తింది.

జోజప్ప ఆమె వంక చూశాడు. తర్వాత స్టూలు దిగి, ఎదురుగా కూర్చుని, ఆయనా ముద్ద ఎత్తాడు.

గిన్నె అడుగు కనిపించేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. మంచం మీది కాగితంలో హన్నమ్మ అన్న పేరు కింద అన్నవాహికలో క్యాన్సర్ అనీ, ఎడమ చేతికి సెలైన్ సూది అనీ, నీళ్లు తప్ప గొంతులోంచి మెతుకు దిగడం లేదనీ తొమ్మిది రోజులుగా నర్సు రాసిన వరసలు వాళ్లిద్దరి పక్కనే ఉన్నాయి.