గోడ అవతలి మనిషి

“ఆవిడ మూడుసార్లు తడితే నువ్వు రెండుసార్లే తడతావా? అంతదూరం వెళ్లినా నీ పిసినారితనం పోలేదన్నమాట!” ఫోన్లో అక్క పకపకా నవ్వింది.

“పిసినారితనం కాదక్కా. మూడింటికి మూడూ కొడితే వెక్కిరించినట్టుంటుంది. రెండంటే, ‘ఆఁ, ఉన్నానండీ’ అని.”

చెల్లెలు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. మంచమూ కుర్చీ పడితే నిండిపోయే గది అది. పరాయి దేశంలో, ఆ మహానగరంలో ఆమెకున్నవి ఆ గదీ, బట్టలు సరిచేసే దుకాణంలో ఒక కుట్టుమిషనూ. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తుంది. రోజంతా ప్యాంట్ల పొడవు తగ్గిస్తుంది, జిప్పులు మారుస్తుంది. బట్టలు తెచ్చేవాళ్లు ముందు కౌంటర్లో ఇచ్చి వెళ్లిపోతారు. వెనక గదిలో కుట్టేదెవరో వాళ్లకి తెలియదు.

“అంత పెద్ద ఊళ్లో ఉన్నావు, నీకేంటమ్మా, రోజూ షికార్లే!” అంటుంది పిన్ని. “అక్కడ పక్కవాడు పోయినా పట్టించుకోరట కదా!” అంటాడు బాబాయి. ఆ రెండు మాటలకీ మధ్య ఎక్కడో చెల్లెలు రోజులు గడుపుతోంది.

అసలు సంగతి పసిగట్టింది అక్క ఒక్కతే. ఇంకో రెండేళ్లు పని చేసేటట్టయితే శుక్రవారంలోగా సంతకం పెట్టమని దుకాణం యజమానురాలు కాగితం ఇచ్చింది. ఆ మాట వినగానే అక్క పట్టుపట్టింది.

“నువ్వు ఒకరోజు కనపడకపోతే ‘ఏమైంది’ అని అడిగే మనిషి అక్కడ ఒక్కరున్నారని చెప్పు, నేనింక రమ్మనను. లేరంటావా, మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్. నా దగ్గరే ఉందువుగాని.”

అప్పుడు బయటపెట్టింది చెల్లెలు, పక్కింటావిడ గురించి. రోజూ పొద్దున సరిగ్గా ఆరింటికి గోడ అవతలి నుంచి మూడు చప్పుళ్లు. టక్, టక్, టక్. చెల్లెలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తీసి, పెట్టుకుని, గోడ మీద రెండుసార్లు కొడుతుంది. ఏడాదిగా ఒక్కరోజు తప్పలేదు. జ్వరంతో పడుకున్న రోజున కూడా.

“ఇంతకీ మనిషి ఎలా ఉంటుందే?”

“చూడలేదు.”

“చూడలేదా! తలుపు తట్టి ‘బాగున్నారా’ అంటే నీ సొమ్మేం పోయింది?”

“అమ్మో! ఇక్కడ చెప్పాపెట్టకుండా ఎవరి తలుపూ తట్టకూడదట. వచ్చిన రోజే మా యజమానురాలు చెప్పింది.”

“మరి ఆవిడ ఆవిడ అంటున్నావు. ఆయనేమో?”

“కాదు. ఆ తట్టడంలో ఓపికుంది. పెద్దావిడే.”

“సరేలే తల్లీ. ఆ పెద్దావిడ పేరు చెప్పుకుని సంతకం పెట్టు.”

మర్నాడు చెల్లెలికి సెలవు. మధ్యాహ్నం ఇంటివాళ్లు పంపిన పైపుల మెకానిక్ వచ్చాడు. గోడ అడుగున చెక్క తీసి, టార్చి వేసి చూసి, ఏదో బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

“అయిపోయింది. ఇంక మీ నిద్ర చెడదు.”

“నా నిద్రా?”

“పొద్దున్నే టక టకమని కొట్టుకునేది కదా? ఆరింటికి కింద బాయిలర్ వేడినీళ్లు వదుల్తుంది. పైపులో గాలి చిక్కుకుని మూడుసార్లు కొట్టుకుంటుంది. రెండు ఫ్లాట్ల మధ్య గోడలో ఒకటే పైపు. రెండిళ్లకీ అదే గోల.”

చెల్లెలు లేచి గోడ మీద అరచెయ్యి ఆనించింది.

“పక్కింట్లో ఎవరుంటారు?” అంది.

“నాకు పైపులు తెలుసు గానీ మనుషులు తెలీదమ్మా. రేపు పొద్దున్నే పై అంతస్తు పని, ఆ హడావుడిలో ఉన్నాను.” అతను గబగబా వెళ్లిపోయాడు. కిటికీ గట్టు మీద టార్చి మర్చిపోయాడు.

మర్నాడు ఐదున్నరకే ఆమెకి మెలకువ వచ్చింది. మెకానిక్ చెప్పినా, ఎందుకైనా మంచిదని వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని కూర్చుంది. ఆరయింది. గోడ పలకలేదు. ఆరూ పది. చెవి ఆనించి చూసింది. చల్లటి గోడ. తొడుగు తీసి సూదుల డబ్బాలో పడేసి, మూత పెట్టేసింది. ఏడాదిపాటు తను పైపుకి బదులిచ్చింది. జ్వరంలో లేచి మరీ.

అక్కకి ఫోన్ చేసింది.

“ఏంటే ఇంత పొద్దున్నే? గొంతు అలా ఉందేం?”

“పక్కింటావిడ ఖాళీ చేసి వెళ్లిపోయిందక్కా.”

“అయ్యో! చెప్పకుండానేనా?”

“చెప్పకుండానే.”

అవతల అక్క నిట్టూర్చింది. “నవ్వానే గానీ, ఆవిడుందని నాకూ ధైర్యంగా ఉండేది. పోనీలే. వచ్చెయ్.”

“వస్తానక్కా.” చెల్లెలు సంతకం పెట్టని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

అంతలో తలుపు మీద చప్పుడైంది. రెండుసార్లు.

“ఎవరే?”

“పైపుల మెకానిక్ అయ్యుంటాడు. టార్చి మర్చిపోయాడు. ఉండు, ఇచ్చేసి వస్తా.”

ఫోన్ మంచం మీద పెట్టి, టార్చి పట్టుకుని వెళ్లి తలుపు తీసింది. మెకానిక్ కాదు. ఉన్ని శాలువా కప్పుకున్న ముసలావిడ ఎవరో, కాళ్లకి చెప్పులైనా లేకుండా, గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. ఆవిడ వెనక పక్క ఫ్లాట్ తలుపు బార్లా తెరిచి ఉంది. చెల్లెల్ని కిందనుంచి పైదాకా చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ అడిగింది.

“ఇవాళ నువ్వు గోడ తట్టలేదేమ్మా?”