అందరికీ చేరింది

“అందరికీ చేరింది” అని మళ్లీ చూపించింది స్క్రీను.

స్వర్ణకు ఒళ్లు మండిపోయింది. చేరితే ఒక్క పడవైనా వెనక్కి తిరగదా?

మత్స్యకారుల సంఘం ఆఫీసులో ఆ కంప్యూటర్ బాధ్యత ఆమెదే. తుఫాను కబురు రాగానే నల్లటి తెర మీద ‘హెచ్చరిక’ అనే కమాండ్ కొట్టాలి. సముద్రంలో ఉన్న పడవల్లో వైర్‌లెస్ సెట్లు మోగుతాయి.

నిన్న కూడా కొట్టింది. అయినా పులికాట్ వైపు పడవొకటి పోయి తిరగబడింది. చెప్పినా వినకపోతే ఎవరేం చేస్తారని టీవీవాళ్లతో అంది.

ఇప్పుడేమో ఇంజన్ చెడి ఒడ్డుకొచ్చిన చిన్నపోలయ్య గుండెలో రాయి వేశాడు.

“సెట్టు మోగనే లేదక్కా. మనోళ్లంతా వలలేసుకోని ఆడ్నే ఉండారు. మీ సుబ్బు కూడా.”

సుబ్బు ఆమె తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది వాణ్ణి.

కంప్యూటర్ పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. బయట గాలి ఈల వేస్తోంది.

“అమ్మా, ఒక్క మాట అడగాల.”

గుమ్మంలో ఎవరో పెద్దాయన. నలిగిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు.

“మనుషులు సచ్చేట్టుంటే మీకు మాటలు కావాల్సొచ్చినాయా? బయట కూర్చోండి!”

ఆయన వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాడు.

స్వర్ణ మళ్లీ కొట్టింది. అందరికీ చేరింది!

ఇక చేతకాలేదు. బల్ల మీద తల వాల్చి భోరున ఏడ్చేసింది.

“లెయ్ తల్లీ. పోర్టులో ఇట్టాంటి మిషన్లే చూసేవాణ్ణి. నన్ను చూడనీ.”

ఏడుపు విని లోపలికొచ్చిన పెద్దాయన కుర్చీ లాక్కుని ఏదో కొట్టాడు. తెర మీద ఫోల్డర్ల పేర్లతో పొడుగాటి వరస ఒకటి వచ్చింది.

“మొదట్లో ఈ చుక్క చూడు. ఏ కమాండ్ కొట్టినా ముందు నువ్వుండే ఫోల్డర్‌లోనే వెతకమని దీనర్థం. అసలుది ఇంకో చోట ఉన్నా, అదే పేరుతో ఇక్కడేదుంటే అదే నడుస్తాది. పెట్టినోళ్లు మొదట్నించీ ఇట్టానే వదిలేసినారు. ఈ ఫోల్డర్‌లో ‘హెచ్చరిక’ ఎవరు పెట్టినారు?”

స్వర్ణ ముఖం పాలిపోయింది.

“నేనే సార్! పోయిన వారం డ్రిల్ చేసినాం. పడవలోళ్లు ఉత్తపుణ్యానికి భయపడతారని ఉత్తుత్తిది పెట్టినా. చేరిందని చూపిస్తాది, అంతే. ఏమీ పంపదు.”

“పోయిన వారమా?”

“అవును సార్.”

ఆయన వేళ్లు ఆగిపోయాయి.

“సార్, త్వరగా సార్! నా తమ్ముడు...”

ఆయన ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెట్టాడు.

“ఉత్తుత్తిదాన్ని తీసేస్తే చాలదా?”

“చాలదమ్మా. రేపు ఇంకెవరో ఇంకోటి పెడతారు. చుక్కనే తీసెయ్యాల. మిషన్ మళ్లీ ఆన్ చేసినా అది రాకూడదు.”

చుక్క పోయింది.

“ఇప్పుడు కొట్టు.”

కొట్టింది. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత పడవల నుంచి ఒక్కొక్కటిగా జవాబులు. తిరిగినాం. వస్తున్నాం. వాటిలో సుబ్బు పడవ కూడా ఉంది.

స్వర్ణ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“ఏదో అడగాలన్నారే సార్, ఏంది?”

“జవాబు దొరికిందిలే తల్లీ.”

మెల్లగా చేతులు విడిపించుకుని వానలోకి వెళ్లిపోయాడు.

చీకటి పడకముందే పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. స్వర్ణ తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఆఫీసు ఎదురుగా టీ కొట్టు నడిపే కామమ్మ దగ్గరికి పరిగెత్తింది.

“అక్కా, ఇందాక మా ఆఫీసుకొచ్చిన పెద్దాయన ఎటు పోయినాడు? వీడి చేత కాళ్లకు మొక్కించాల.”

కామమ్మ గ్లాసు కడగడం ఆపింది.

“గంగులయ్యా? ఆస్పత్రి కాడ బిడ్డ శవాన్ని తీసుకోను పోయినాడమ్మే. నిన్న తిరగబడిన పడవలో పోయినోడు ఆయన కొడుకే. ‘మా శివశంకర్ చెప్తే విననోడు కాదు, ఆ హెచ్చరిక నిజంగా పంపినారా’ అని నిన్ను ఒక్క మాట అడిగిపోదామనే వచ్చినాడు పాపం.”